మణికట్టు మీది చెయ్యి

ముందు జుట్టు చివర్లు విడదీసి, ఆ తర్వాతే దువ్వెన పైకి వెళ్ళాలి. కోడలికి ఆ సంగతి బాగా తెలుసు. అత్తగారిని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, తెల్లటి జుట్టు పాయను అరచేతిలోకి తీసుకుని, చెక్క దువ్వెనతో కింది నుంచి నెమ్మదిగా దువ్వుతోంది. రాత్రంతా ఒకే పక్కకు పడుకోవడం వల్ల తల వెనక జుట్టు ఉండకట్టుకుపోయింది. అక్కడికి రాగానే వేళ్ళతో విడదీసి, చుక్క నూనె రాసి, మళ్ళీ విడదీసింది. ఎంత జాగ్రత్తపడినా దువ్వెన పన్ను ఒకటి చిక్కులో పడింది. అత్తగారి ఎడమ చెయ్యి గబుక్కున లేచి కోడలి మణికట్టును గట్టిగా పట్టేసింది.

"అయ్యో, లాగిందా? ఆగాను, ఆగాను కదా అత్తయ్యా!"

కాసేపటికి చెయ్యి దానంతట అదే వదిలింది. దువ్వెన మళ్ళీ కదిలింది.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి అత్తగారికి కుడి పక్క పని చెయ్యదు. మాట కూడా పోయింది. మిగిలింది ఒక్క 'ఊ'. తిన్నారా అంటే ఊ, తినలేదా అన్నా ఊ. ఫ్యాను వెయ్యనా అంటే ఊ, తీసెయ్యనా అన్నా ఊ. తల ఊపడం కూడా అంతే, అవునో కాదో తేలకుండా ఊగేది. మొదట్లో కోడలు అడిగి అడిగి, చివరికి అడగడం మానేసి, అన్నీ తనే ఊహించి చెయ్యడం మొదలుపెట్టింది. ఊహించడంలో తనకు ఎవరూ సాటి రారని ఆమె నమ్మకం. అదేమంత వట్టి నమ్మకమూ కాదు. మంచాన పడ్డ మనిషి ఒంటి మీద ఒక్క పుండు లేదు, దుప్పటి మీద ఒక్క మరక లేదు, గదిలో వాసన లేదు.

"జిప్పులక్కా, ఉన్నావా?"

వీధి గదే ఆమె కొట్టు. తెగిన జిప్పులు, ఊడిన బ్యాగు పట్టీలు, చిరిగిన గొడుగులు అన్నీ అక్కడికే వస్తాయి. వీధి పిల్లలు ఆ పేరు పెట్టారు, పెద్దలకూ అదే అలవాటైంది. ఎక్కువ మాట్లాడితే నోటికి కూడా జిప్పు కుట్టేస్తుందని పిల్లలు ఒకళ్ళనొకళ్ళు బెదిరించుకుంటారు.

వచ్చింది పక్క వీధి టీచరమ్మ. చేతిలో నోరు తెరుచుకున్న సంచి. గుమ్మంలోంచి లోపలికి తొంగిచూసి, జడ పూర్తి చేస్తున్న కోడలిని చూసి అక్కడే నిలబడిపోయింది.

"పొద్దున్నే ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా నీకు? నువ్వు మనిషివి కాదు. కన్నకూతురైనా ఇంత చెయ్యదు."

"ఏముంది లెండి, మన ఇంట్లో మనిషే కదా."

పైకి అలా అంది గానీ, ఆ మాట ఆమెకు రోజంతా సరిపోతుంది. మధ్యాహ్నం మిషను దగ్గర నడుం నొప్పి పుట్టినప్పుడు బుగ్గలో దాచుకున్న చక్కెర బిళ్ళలా దాన్ని ఒకసారి నాలుక మీదికి తెచ్చుకుంటుంది.

టీచరమ్మ వెళ్ళీ వెళ్ళగానే ఫోను మోగింది. ఆడపడుచు. చేతులు నూనెగా ఉండటంతో కోడలు స్పీకరు నొక్కి కిటికీ అంచున పెట్టింది. ట్రేలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు, ఎవరో ఎవర్నో పిలుస్తున్న కేక, పిల్లల పోట్లాట. ఆడపడుచు బేకరీ నడుపుతుంది. వెనక రెండు గదుల్లో కాపురం.

"వదినా, ఆదివారం కారు మాట్లాడుకుని వస్తున్నా. ఈసారి అమ్మను నాతో పంపించాల్సిందే."

"ఎక్కడికి అమ్మాయీ? ఆ పొగలోకా?"

"పొగ కాదు వదినా, రొట్టెల వాసన."

"ఇక్కడ ఆవిడకేం తక్కువైంది చెప్పు."

"తక్కువైందని నేనన్నానా? నీ పనికి వంక పెట్టే మొనగాళ్ళు ఎవరున్నారు? అద్దాల బీరువాలో బొమ్మను చూసుకున్నట్టు చూసుకుంటున్నావు. ఏం కావాలని అమ్మని అడిగావా?"

"అడిగితే ఊ అంటారు. వస్తావా అన్నా ఊ, ఉంటావా అన్నా ఊ. నీకెలా తెలుస్తుంది?"

"మరి నీకెలా తెలిసింది?"

"నాకు తెలుసు. రోజూ సాయంత్రం ఆవిడ ప్రార్థన చేసేది నేను."

అవతల ఏదో ట్రే దబ్బున పడింది. "ఆదివారం వస్తున్నా" అనేసి ఆడపడుచు ఫోను పెట్టేసింది. కోడలు జడ కొసకు రబ్బరు బ్యాండు మూడు మెలికలు తిప్పి వేసింది, అవసరానికి మించి గట్టిగా. అత్తగారి ఎడమ చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పడుంది, ఎండలో ఆదమరిచిన పిల్లిలా. కోడలు దాన్ని చూసింది, చూసి శాలువా కప్పింది.

ప్రార్థన సంగతి ఇలా మొదలైంది. అత్తగారు మాట ఉన్నన్నాళ్ళూ దీపాలు వెలిగే వేళకు గట్టిగా ప్రార్థన చేసేవారు. మాట పోయాక ఆ వేళకు పెదాలు కదిలేవి, గొంతులో ఏదో గురగురలాడేది, కళ్ళవెంట నీళ్ళు కారేవి. చూడలేక కోడలు ఒకరోజు స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, "నేను చెప్తాను, మీరు మనసులో అనుకోండి" అంది. అప్పటి నుంచి అది కూడా ఆమె పనుల్లో ఒకటయ్యింది. ఒళ్ళు తుడవడం, మాత్రలు వెయ్యడం, ప్రార్థన చెప్పడం. చెబుతున్నంతసేపూ అత్తగారి చెయ్యి ఆమె మణికట్టు మీద ఉండేది.

ఆ సాయంత్రం కూడా స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, మొదలుపెట్టింది. "దేవుడా, అత్తయ్య కాళ్ళకు బలమివ్వు. నోటికి మాటివ్వు. కొడుకు బండిని క్షేమంగా నడిపించు. కూతురి వ్యాపారం చల్లగా చూడు. ఆకలి, నిద్ర ఇవ్వు."

"అదేం ప్రార్థనే? కొట్లో సరుకులు చెప్పినట్టు!"

గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్న భర్త. బస్సు డ్రైవరు. ఇంటికి వచ్చాక కూడా కాసేపటి వరకు అతని మాట ఇంజిను చప్పుడును దాటాలన్నంత గట్టిగా వస్తుంది.

"మరెలా చెప్పమంటారు? రండి, మీరే చెప్పండి."

"నాకెక్కడ చేతనవుతుంది? అమ్మ చేస్తుంటే విన్నాను, అంతే. కోపమొస్తే దేవుణ్ణి కూడా కడిగేసేది. నువ్వేమో అమ్మ గురించి చెప్తున్నావు. అమ్మ అయితే ఏమనేదో అది కదా చెప్పాలి?"

"అదీ చెప్తున్నాను, వినండి." కోడలు మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఆడపడుచు మొదటిసారి తీసుకెళ్తానన్న రోజు నుంచి చివర్లో ఒక మాట చేర్చి చెబుతోంది. ఇప్పుడూ అదే చెప్పింది, కొంచెం గొంతు పెంచి. "దేవుడా, ఈ గడప దాటే రోజు నాకు రానివ్వకు. నా కోడలి చేతుల్లోనే నన్ను ఉండనివ్వు."

మణికట్టు మీది చెయ్యి బిగుసుకుంది. గోళ్ళు దిగేంతగా బిగుసుకుంది.

"చూశారా!" కోడలు చెయ్యెత్తి భర్తకు చూపించింది. ఎర్రగా వేళ్ళ అచ్చులు. "ఈ మాట దగ్గర రోజూ ఇంతే. ప్రాణమంతా ఆ చేతిలోకి తెచ్చుకుంటారు. మీ చెల్లెలికి చూపిస్తాను ఆదివారం."

అతను బూట్లు పక్కకు పెట్టి, ఆ అచ్చుల వంక చూసి, "మంచిదేలే" అన్నాడు. ఎవరి పక్షం వహిస్తే ఎవరికి కోపమొస్తుందో అని అతను ఇలాంటప్పుడు ఎప్పుడూ కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోతాడు.

శుక్రవారం ఎవరిదో ప్రయాణాల పెట్టె వచ్చింది. జిప్పు మధ్యలో లోపలి గుడ్డ ఇరుక్కుని బిగుసుకుపోయింది. లాగి లాగి సొంతదారు దాన్ని ఇంకా లోపలికి తోసేశాడు. అలాంటివి వచ్చినప్పుడు కోడలు ముందు ఏమీ చెయ్యదు. పెట్టెను తిప్పి, లోపలి వైపు నుంచి చూస్తుంది. గుడ్డ ఎక్కడ పడిందో అటు నుంచే కనిపిస్తుంది. కొవ్వొత్తి ముక్కతో పళ్ళ మీద రుద్ది, పటకారుతో గుడ్డను పక్కకు తీస్తూ, జిప్పు లాగే రన్నరును వచ్చిన దారినే వెనక్కి నడిపించింది. చేతులు పని చేస్తుంటే నోరు ఆదివారానికి మాటలు కూర్చుకుంటోంది. 'నీ తల్లే కాదనను అమ్మాయీ, కానీ ఆవిడ మనసేమిటో...' కాదు, అలా కాదు. 'చూడు ఈ చెయ్యి. దీనికంటే సాక్ష్యం ఏం కావాలి?' అది బాగుంది.

చీకటి పడేసరికి పెట్టె సిద్ధమైంది. సొంతదారు ఇంకా రాలేదు. గది ఇరుకు కావడంతో పెట్టెను స్టూలు మీద పెట్టింది. ప్రార్థన వేళకు కూర్చోవడానికి చోటు లేక, అత్తగారి దిండు పక్కనే మంచం మీద కూర్చుని గోడకు ఆనుకుంది. తల ఇంచుమించు అత్తగారి తల ఎత్తుకు వచ్చింది.

భర్త ఆ సాయంత్రం అన్న మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. సరుకుల చీటీ అట! సరే, అత్తయ్య అయితే ఏమనేదో అదే చెబుదామని నోరు తెరిచింది. "దేవుడా, నేను..." అని ఆగిపోయింది. ఈ మంచం మీద పడుకున్న మనిషి ఏమంటుంది? కళ్ళు మూసుకుంటే ఏమీ తోచలేదు. అందుకని తెరిచే ఉంచి, ఎదురుగా చూసింది.

ఈ మంచాన్ని ఇలా వేయించింది తనే. పని చేసుకుంటూనే అత్తయ్యకు రోజంతా కళ్ళెదుట ఉండొచ్చని. ఇక్కడి నుంచి చూస్తే కనిపిస్తున్నది గుమ్మం, గుమ్మంలో సగానికి తన కుర్చీ వీపు. ఇంకేమీ లేదు. వచ్చినవాళ్ళ మొహాలు కనిపించవు. గడియారం అటు తిరిగి ఉంది. కిటికీ తల వెనక పడింది. పొద్దున కుర్చీలో కూర్చున్న కాసేపు తప్ప అందులోంచి ఏమీ కనిపించదు, అది కూడా చలిగాలి తగులుతుందని తను మూసే ఉంచుతుంది.

"దేవుడా, నేను రోజంతా ఒక కుర్చీ వీపు చూస్తుంటాను" అంది. తన నోట ఆ మాట వినడం తనకే వింతగా ఉంది. "నా కోడలు వస్తుంది, తుడుస్తుంది, తిప్పుతుంది, వెళ్తుంది. చేతులు మెత్తగానే ఉంటాయి. మొహం మాత్రం గుమ్మం వైపు ఉంటుంది. మిషను ఆగితే ఇల్లంతా చప్పుడు లేకుండా పోతుంది. ఎవరైనా పోట్లాడుకుంటే వినాలని ఉంటుంది."

ఇదేం ప్రార్థన అనుకుంది. అత్తగారి చెయ్యి వైపు చూసింది. అది మణికట్టు మీద ఊరికే వాలి ఉంది. బరువు కూడా లేదు. మాటలు ఆవిడకు చేరలేదేమో, తప్పు దారి పట్టానేమో అని కంగారుపడి, కోడలు గబగబా అలవాటైన చోటికి వచ్చేసింది. "ఈ గడప దాటే రోజు నాకు రానివ్వకు దేవుడా."

చెయ్యి బిగిసింది.

'హమ్మయ్య' అనుకుంది కోడలు.

శనివారం స్నానం. అత్తగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఒక చేత్తో వీపు ఆనించి పట్టుకుని, మరో చేత్తో మగ్గు ముంచి పాదాల మీద పోసింది. తన మోచెయ్యి ముంచి చూసుకున్న నీళ్ళే. కానీ ఆ తర్వాత పొయ్యి మీది గిన్నెలో వేడినీళ్ళు కూడా కలిపిన సంగతి మరిచిపోయింది.

అత్తగారి చెయ్యి వచ్చి మణికట్టును పట్టేసింది.

"ఆగాను, ఆగాను, వేడిగా ఉన్నాయి కదూ..."

మాట సగంలో ఆగింది. అత్తగారి వేళ్ళు నిన్నటి అచ్చుల మీదే సరిగ్గా పడ్డాయి. బొటనవేలు ఎముక కిందికి, మిగతా నాలుగూ పైకి. అదే పట్టు. అదే బిగువు. కోడలు మగ్గు పట్టుకుని అలాగే ఉండిపోయింది. మగ్గు అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కొంతసేపటికి చన్నీళ్ళు కలిపి, మగ్గెడు పాదాల మీద పోసింది. వేళ్ళు ఒక్కొక్కటే సడలి, చెయ్యి తేలికై, ఊరికే వాలి ఉంది.

ఆ రోజు జిప్పు తిరగేసి కుట్టింది. విప్పి, మళ్ళీ తిరగేసే కుట్టింది. సంచి కోసం వచ్చిన టీచరమ్మ, "పోనీలేమ్మా, రేపు వస్తాను. ఇంట్లో మనిషి మంచాన ఉంటే ఎవరికైనా చెయ్యి తడబడుతుంది. అయినా నువ్వు మనిషివి కాదు" అంది. కోడలు 'ఏముంది లెండి' అనలేదు.

దీపాల వేళకు స్టూలు ఖాళీగానే ఉంది. అయినా మంచం మీదే, దిండు పక్కన కూర్చుంది. తనే మణికట్టు ఇచ్చింది.

"దేవుడా," అంది మెల్లగా, ఒక్కో మాట చూసుకుంటూ. "ఈ గడప దాటే రోజు నాకు..."

చెయ్యి బిగిసింది.

"నొప్పా అత్తయ్యా?"

"ఊ."

"కాదా?"

"ఊ."

కోడలికి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. అడిగి లాభం లేదు. చెప్పి చూడటమే. మళ్ళీ దేవుడి వైపే తిరిగింది. "దేవుడా, నా కూతురి ఇంట్లో ట్రేలు పడుతుంటాయి. పిల్లలు కొట్టుకుంటారు. అది నన్ను కసురుకుంటుంది, పనివాళ్ళను కసురుకుంటుంది. జుట్టు సరిగ్గా దువ్వదేమో. దుప్పటి రోజూ మార్చదేమో. అయినా..." పట్టు సడలుతోంది. బొటనవేలు ముందు వదిలింది. "అయినా నాకు దాని దగ్గరికి వెళ్ళాలని ఉంది. ఇక్కడ నాకు తక్కువేం లేదు. నా కోడలు మంచిది. తనని నొప్పించకుండా ఎలా చెప్పాలో నాకు తెలియదు. నాకు మాట లేదు."

అత్తగారి చెయ్యి మణికట్టు మీద నుంచి జారి, దుప్పటి మీద వెల్లకిలా పడింది.

ఇన్ని నెలలుగా రోజూ సాయంత్రం ఈ మనిషి చెయ్యి పట్టుకుని మరీ వద్దంటోంది. తను రోజూ ఆ 'వద్దు'ను దేవుడి ముందు 'అవును' అని చదివింది. ఎదుటి మనిషి బాధను తనమీద భక్తి అనుకుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వీధి గదిలోకి పరుగెత్తి మిషను ముందు కూర్చోవాలనిపించింది, అక్కడ తప్పు కుడితే విప్పొచ్చు. కానీ లేవలేదు. అత్తగారిని పంపించేస్తే తనెవరు? జిప్పులక్క. అంతేనా? అంతే. అక్కడిదాకా ఆలోచించి చూస్తే అది అనుకున్నంత భయంగా లేదు.

"దేవుడా," అంది మళ్ళీ. ఈసారి ఎవరి తరఫున చెబుతోందో ఆమె చూసుకోలేదు. "నాకు వినడం రాదు. నేర్పు." లేచి కిటికీ తెరిచింది. వీధిలో ఎవరో సైకిలు గంట ఆపకుండా కొడుతున్నారు. అత్తగారి తల ఆ చప్పుడు వైపు కొంచెం తిరిగింది.

భర్త అన్నం దగ్గర కూర్చున్నాక చెప్పింది. "రేపు అత్తయ్యను పంపిద్దాం."

అతను చెయ్యి ఆపాడు. "ఏమైంది? గొడవపడ్డారా?"

"గొడవ పడాలంటే ఆవిడకు మాటుండాలి కదండీ."

"మరి వీధిలో అందరూ..."

"అనుకోనివ్వండి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళే వీలు లేదు, అప్పటికే కడుక్కున్నాడు. "నీకు అలసటగా ఉంటే ముందే చెప్పొచ్చు కదే" అన్నాడు.

"అలసట కాదు. రేపు మీ అమ్మ చెయ్యి పట్టుకుని చూడండి, తెలుస్తుంది."

ఆదివారం ఆడపడుచు యుద్ధానికి వచ్చినట్టే వచ్చింది. మోచేతి మీద పిండి అలాగే ఉంది. "నేను కూర్చోడానికి రాలేదు వదినా. అన్నయ్యా, నువ్వు మధ్యలో మాట్లాడకు. ఈ రోజు తేలిపోవాలి. మా అమ్మ..." అంటూ గుమ్మం పక్కన ఉన్న బ్యాగు మీద కాలు పడబోయి తమాయించుకుంది. "ఇదేంటి?"

"అత్తయ్య బట్టలు. జిప్పు కొత్తది వేశాను. కొన్నాళ్ళు బిగుతుగా ఉంటుంది, లాగొద్దు."

ఆడపడుచు నోరు తెరిచే ఉంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడ దించాలో తెలియనట్టు నిలబడింది. చివరికి, "నన్ను ఆట పట్టించడం లేదు కదా?" అంది.

"ఇటు రా." కోడలు ఆమెను మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. "జుట్టు చివర్ల నుంచి దువ్వు. నీళ్ళు అన్నీ కలిపాక మోచెయ్యి పెట్టి చూడు. 'ఊ' అన్నారని నమ్మకు, అది దేనికీ కాదు. చెయ్యి చూడు. గట్టిగా పట్టుకుంటే ఏదో నొప్పిగా ఉందని. వదిలేస్తే బాగుందని."

ఆడపడుచు తల్లి చేతిని తన చేతిలోకి తీసుకుంది. అది ఆమె అరచేతిలో పట్టూ బిగువూ లేకుండా పడుంది. ఆమె ముక్కు ఎగబీల్చింది. "ఇదంతా నీకెప్పుడు తెలిసింది వదినా?"

"నిన్న."

ఆడపడుచు ఏదో అనబోయింది. పదునైనదే వచ్చి ఉంటుంది, పెదాల దాకా వచ్చి ఆగింది. వదిన మణికట్టు మీది గుర్తుల వంక చూసి, దాన్ని మింగేసింది.

"సాయంత్రం ప్రార్థన నువ్వే చెప్పాలి" అంది కోడలు.

"నాకెక్కడ వస్తుంది? నేను నోరు తెరిస్తే తిట్లే."

"నాకూ రాదు. పక్కన కూర్చో. స్టూలు మీద కాదు, మంచం మీద, దిండు దగ్గర. అక్కణ్ణుంచి ఏం కనిపిస్తే అది చెప్పు."

అన్నాచెల్లెళ్ళిద్దరూ చెరోవైపు పట్టుకుని అత్తగారిని కుర్చీతో సహా లేపారు. కోడలు పక్కనే నడిచింది, శాలువా అంచు కింద పడకుండా పట్టుకుని. మిషను దాటారు. కుర్చీ వీపు దాటారు. కారు తలుపు తెరిచి ఉంది. సరిగ్గా గడప దగ్గర అత్తగారి ఎడమ చెయ్యి శాలువాలోంచి బయటికి వచ్చి, వెతుక్కుని, కోడలి మణికట్టును పట్టుకుంది. గట్టిగా. గోళ్ళు దిగేంత గట్టిగా.

అందరూ ఆగిపోయారు. ఆడపడుచు మొహం పాలిపోయింది. "వదినా, వద్దంటోందా?"

కోడలు తల అడ్డంగా ఊపింది. "వద్దని కాదు. వెళ్తుంటే నొప్పిగా ఉందని." కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అత్తగారి మొహంలోకి, ఎన్నాళ్ళకో తీరిగ్గా చూసింది.

"ఆగాను" అంది. "ఆగాను కదా అత్తయ్యా."

ఎవరూ తొందరపెట్టలేదు. కారు డ్రైవరు హారను మీదికి వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చాలాసేపటికి బొటనవేలు ముందు వదిలింది. తర్వాత మిగతా వేళ్ళు, ఒక్కొక్కటే.

కోడలు లేచి, పక్కకు జరిగి దారి ఇచ్చింది. అత్తగారు గడప దాటి వెళ్ళారు. 'ఊ' అని కూడా అనలేదు.